ముప్ఫై మూడో పేరు

మెరిట్ లిస్టు అంటించింది అప్పాజీయే.

కెమిస్ట్రీ ల్యాబులో బర్నరు మీద పాత బీకరు పెట్టి, నీళ్ళు పోసి, గుప్పెడు మైదా వేసి, గాజుకడ్డీతో తిప్పుతూ జిగురు కాచాడు. అతను ల్యాబు అటెండరుగా చేరిన ఈ ఇరవై రెండేళ్ళుగా ఆ కాలేజీ నోటీసుబోర్డు మీద ఏ కాయితమైనా అప్పాజీ జిగురుతోనే నిలబడింది. ఉండ కట్టకూడదు, అడుగంటకూడదు, కడ్డీ పైకెత్తితే తీగలా సాగాలి. ఆ పని ఎమ్మెస్సీలు చదివిన లెక్చరర్లకి చేతకాదని అతని నమ్మకం. అసలు వాళ్ళకి చాలా పనులు చేతకావనీ, ఆ సంగతి తన ఒక్కడికే తెలుసనీ కూడా నమ్మకం.

కాయితం వెనక నాలుగు మూలలా జిగురు రాసి, బోర్డుకి ఆనించి, అరచేతి అంచుతో మధ్యనుంచి పక్కలకి గాలి తోసేశాడు. అప్పుడు చదవడం మొదలుపెట్టాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడే గానీ, సీసాల మీద పేర్లు చదివి చదివి ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. తన కూతురి పేరు పది లోపల ఉంటుందనుకుని పైనుంచి వేలు పెట్టాడు. పది దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఎనిమిది దగ్గర కె. కీర్తిప్రియ అని కనిపించి వేలు ఆగింది. సీట్లు ముప్ఫయ్యే. ముప్ఫై కింద అడ్డంగా గీత గీసి ఉంది. గీత కింద వెయిటింగులో మూడే మూడు పేర్లు. వాటిలో ఆఖరిది ఎం. శ్రీదుర్గ.

అప్పాజీ వేలు తియ్యలేదు. జిగురు తడికి కాయితం అక్కడ కొంచెం ఉబ్బింది.

కీర్తిప్రియ అంటే దొరబాబు కూతురు. దొరబాబు అంటే ఆఫీసులో అటెండరు. అప్పాజీ కంటే ఆరేళ్ళు వెనక చేరి, యాసిడ్ చుక్క ఒంటిమీద పడకుండా, ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళకి ట్యాగులు కట్టుకునే మనిషి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున వెయ్యికి శ్రీదుర్గకి ఎనిమిదొందల డెబ్బై ఒకటి, కీర్తిప్రియకి ఎనిమిదొందల పదహారు. ఆ రోజు అప్పాజీ కిలో కాజాలు తెచ్చి, స్టాఫ్ రూము మొదలుకొని సైకిల్ స్టాండు దాకా పంచాడు. దొరబాబుకి మాత్రం రెండు పెట్టాడు. ఒకటి తినేశాక రెండోది చేతిలో పట్టుకుని కాసేపు నిలబడాలని.

పైగా ఇది ఊరికే బీయస్సీ కాదు. మైక్రోబయాలజీ అని రెండువేల రెండులో, ఆ ఏడే కొత్తగా వచ్చిన కోర్సు. భీమవరం వైపు రొయ్యల చెరువులకి నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులు ఊరికొకటి లేస్తున్నాయి. వాటికి ఈ చదువు చదివిన ఆడపిల్లలు కావాలంటున్నారు. అప్పాజీకి ఉద్యోగం కంటే ముందు కనపడేది వేరే ఒకటి. తను కడిగి బోర్లించిన బీకరుని తన కూతురు తెల్లకోటు వేసుకుని వచ్చి తీసుకోవాలి. ఆఫీసు ఫ్యాను కింద కూర్చున్నవాడు కిటికీలోంచి అది చూడాలి.

జిగురు బీకరు అక్కడే గట్టు మీద వదిలేసి అప్పాజీ ఆఫీసుకి నడిచాడు.

సూపరింటెండెంట్ పాపారాజుగారు అప్లికేషన్లకి నంబర్లు వేస్తున్నారు. పక్కన దొరబాబు సూదీదారంతో రిజిస్టరు అట్ట కుడుతున్నాడు.

"ఏంటండి ఇది, ఎనిమిదొందల డెబ్బై ఒకటి కిందా, ఎనిమిదొందల పదహారు పైనా? టైపు కొట్టినోళ్ళు తిరగేసినట్టున్నారు, చూడండి," అన్నాడు అప్పాజీ. మాట పాపారాజుగారితో, చూపు దొరబాబు మీద.

పాపారాజుగారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టారు. "ఎవరూ తిరగెయ్యలేదయ్యా. టోటల్ చూడం మనం. గ్రూపు చూస్తాం. బోటనీ, జువాలజీ, ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఈ నాలుగూ కలిపి ఆరొందలకి ఎంతొస్తే అంత."

"మరి మిగతా నాలుగొందలు?"

"అవి ఇంగ్లీషూ, సంస్కృతమూను. సైన్సు సీటుకి వాటితో పనిలేదు." అప్లికేషను వెతికి బయటికి లాగారు. "సంస్కృతంలో నూట తొంభై నాలుగు. మంచి మార్కే. కానీ సూక్ష్మజీవులకి శ్లోకాలు అప్పజెప్పలేం గదా."

టైపిస్టు నవ్వాడు. దొరబాబు నవ్వలేదు. తల వంచుకుని దారం పళ్ళతో కొరికాడు. అతను నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అప్పాజీకి. నవ్వి ఉంటే పట్టుకోవడానికి ఒక కొస దొరికేది.

రెండేళ్ళ కిందట ఇదే కాలేజీలో ఇంటర్లో చేర్చేటప్పుడు, రెండో భాష సంస్కృతం పెట్టిస్తే టోటల్ దూసుకెళ్తుందని ఎవరో లెక్చరరు అంటే విన్నాడు అప్పాజీ. ఆ మాట తనే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పాడు. దొరబాబు మాత్రం తన పిల్ల గురించి, "తెలుగే చదువుకోనీ బావా, ఇంట్లో నాకు పేపరు చదివి పెడుతుంది," అన్నాడు. ఆ మాటని అప్పాజీ నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వాడు.

"గ్రూపు చూస్తే మీ అమ్మాయివి అయిదొందల తొమ్మిది. దొరబాబు వాళ్ళమ్మాయివి అయిదొందల ఇరవై తొమ్మిది." పాపారాజుగారు పెన్సిలు మొనని ఒక గడి మీద ఆనించారు. "ఇదుగో, దెబ్బ కొట్టింది ఇక్కడ. మిగతా మూడూ చూడు, నదురుగానే ఉన్నాయి. కెమిస్ట్రీ నూట యాభైకి తొంభై ఎనిమిది. ఇందులో ఇంకో పాతిక వచ్చుంటే గీత పైనే ఉండును."

"కెమిస్ట్రీ," అన్నాడు అప్పాజీ.

"అదే మరి." పాపారాజుగారు గొంతు తగ్గించారు. "అందులోనూ ముప్ఫై ప్రాక్టికల్సువి. అవెలా వచ్చాయో నువ్వు నాకు చెప్పక్కర్లేదు, నేను ప్రిన్సిపాల్‌గారికి చెప్పక్కర్లేదు. ఎల్లుండి ఇంటర్వ్యూకి తీసుకురా. వెయిటింగ్ మూడంటే ఆశ లేనిదేం కాదు."

అప్పాజీ ల్యాబుకి తిరిగొచ్చేసరికి బీకర్లో జిగురు బిగుసుకుపోయింది. గోరుతో గీకాడు. రాలేదు. వేడినీళ్ళు పోసి నానబెట్టి, అది మెత్తబడేదాకా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. చుట్టూ అరల్లో సీసాలు. మైలుతుత్తం, అన్నభేది, పటిక, నవాసాగరం, ఏది ఎక్కడుందో కళ్ళకి గంతలు కట్టినా తీసి ఇవ్వగలడు. ఇంతమంది పిల్లలు వచ్చి నేర్చుకుపోయిన గది ఇది. ఈ గదివాడి కూతురికే ఇందులోనే తక్కువ వచ్చింది. ఆ ఫ్యాను కిందవాడి కూతురికి నూట నలభై రెండట. వాడికి ఉప్పుకీ పటికకీ తేడా తెలీదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద ఆడపిల్లలిద్దరూ ఉన్నారు. మధ్యలో చాప, చాప మీద సర్టిఫికెట్లు. కీర్తిప్రియ లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా, జడకి కట్టిన రిబ్బను వెలిసిపోయి ఉంది.

"మావయ్యగారండి, అయిదో నంబరు అమ్మాయి రాజమండ్రిలో చేరిపోయిందంటండి. పన్నెండో అతనికి అగ్రికల్చర్ వచ్చిందంటండి. రెండు సీట్లు ఖాళీ వచ్చినట్టేనండి. ఇంకొక్కటొస్తే దుర్గకి వచ్చేసినట్టే."

అప్పాజీ కండువాతో మెడ తుడుచుకుంటూ ఆ పిల్లని చూశాడు. గీత పైన నిలబడి గీత కిందవాళ్ళకి ధైర్యం చెప్పడం ఎంత సులువో అనుకున్నాడు. "నీకెవరు చెప్పారమ్మా ఇయ్యన్నీ?"

"నాన్నగారు కనుక్కున్నారండి."

"ఆఫీసులో ఉంటే అన్నీ తెలుస్తాయి," అన్నాడు. కీర్తిప్రియకి ఆ మాట ఎటునుంచి తగిలిందో తెలియక, పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

లోపల భార్య బుల్లెమ్మ పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. అప్పాజీ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"కాయితాలన్నీ ఆడి చేతిలోంచే వెళ్తాయి."

"ఎవరి చేతిలోంచి?"

"దొరబాబు."

"మార్కులేసింది బోర్డువాళ్ళా, దొరబాబా?" బుల్లెమ్మ తల ఎత్తలేదు. "ఆ పిల్ల పదిరోజుల్నించి వచ్చి దీనికి కాయితాలు సద్దిపెడతంది. ఓ గ్లాసుడు మంచినీళ్ళు ఇయ్యమని ఎప్పుడన్నా అన్నారా మీరు?"

అతను అరుగు మీదికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. దుర్గ సర్టిఫికెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి గట్టిగా రబ్బరుబ్యాండు వేస్తోంది.

"మైలుతుత్తం అంటే ఏంటి?" అన్నాడు.

"కాపర్ సల్ఫేట్."

"చూశావా, వచ్చు గదా నీకు. మరి పరీక్షలో ఏమైంది?"

"అది నీలంగా ఎందుకుంటుంది నాన్నా?"

అప్పాజీ తన చేతులు చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆ నీలాన్ని చేతులతో కడిగాడు. గోళ్ళ సందుల్లోంచి వారం రోజులకి గానీ పోదు. "ఎందుకుంటుందేంటి. ఉంటుంది."

"నాకూ అంతే వచ్చు. నీ దగ్గర నేర్చుకున్నదే. రంగు చూసి పేరు చెప్పేస్తాను. ఎందుకో రాయమంటారు, రాయలేను." రబ్బరుబ్యాండు తెగింది. ఇంకొకటి తీసుకుంది. "ఆ రోజు ప్రాక్టికల్స్‌లో నా వెనకనించి వెళ్తూ, పొట్లంలో ఉప్పు బేరియందని చెప్పావు. అప్పటికి నేను గొట్టం కూడా ముట్టుకోలేదు. పక్కన కీర్తికీ అదే పొట్లం. గంటన్నర చేసింది, అదే రాసింది. నాకు ముప్ఫై, దానికి ఇరవై ఆరు."

"చెప్పకూడదా? అందరు అటెండర్లూ చెప్తారు. డబ్బులు పుచ్చుకుని మరీ చెప్తారు. నేను నా కూతురికి చెప్పుకున్నాను."

"ఎందుకు చెప్పావని అనలేదు." దుర్గ గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "అది ఆ తర్వాత ఒక్కమాట అనలేదు నన్ను. అసలు అడగలేదు. అంతే చెప్తున్నాను."

అడగలేదట. అడగకపోవడం కూడా ఒక గొప్ప అయిపోయింది. అప్పాజీ లేచి చెప్పులు తొడుక్కుని, ఎక్కడికీ కాకుండా కాలవ గట్టు దాకా నడిచి వచ్చాడు.

మర్నాడు పదకొండింటికి దొరబాబే ల్యాబుకి వచ్చాడు. చేతిలో రెండు టీ గ్లాసులు. గ్లాసు అంచు పట్టుకుని ఊదుకుంటూ, గుమ్మంలోనే ఆగాడు. ల్యాబులోకి రావాలంటే అతనికి ఎప్పుడూ జంకే.

"రా, ఏం పట్టుకోకు. అంటుకుంటే తోలు ఊడుద్ది," అన్నాడు అప్పాజీ.

"నువ్వుండగా నాకేంటి బావా." దొరబాబు టీ అందించాడు. "రేపు నేను బ్యాంకు డ్యూటీ. చలానాలు పట్టుకుని అటూ ఇటూ తిరగాలి. పిల్లని చూడ్డానికి నేనుండను. నువ్వక్కడే ఉంటావు గదా, కాస్త కనిపెట్టుకుని ఉండు. దానికి నోరు లేదు. ఎవరన్నా పక్కకి జరగమంటే గేటు దాకా జరుగుద్ది."

"నోరు లేకపోయినా మార్కులున్నాయిగా."

"మార్కులదేముంది బావా," అన్నాడు దొరబాబు. నిజంగానే అన్నాడు. "ఇద్దరికీ వచ్చేస్తే ఒకే బస్సు పాసులో... కాదులే, రెండు పాసులు. ఒకే బస్సు. దుర్గ ఉందంటే మా ఆవిడకి బెంగ ఉండదు. వెయిటింగ్ మూడే గదా, కదులుద్ది. నేను పొద్దున్న సుబ్బరాయుడి గుడిలో దణ్ణం కూడా పెట్టుకున్నాను."

"దేనికి?"

"ఇంకొకళ్ళెవరన్నా రాకుండా ఉండాలని." దొరబాబు నవ్వాడు. "తప్పేలే గానీ."

అప్పాజీ టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. జాలిపడే హక్కు ఎవడిచ్చాడు వీడికి? కాజాలు పంచిన రోజున వీడి ముఖం మాడి ఉంటే ఇవాళ ఇంత మండేది కాదు. ఆ రోజు రెండో కాజా కూడా తినేసి, వేళ్ళు నాక్కుని, "పిల్ల పేరు నిలబెట్టింది బావా" అన్నాడు. అదే ముఖం, అదే నవ్వు. ఓడినప్పుడూ గెలిచినప్పుడూ ఒకే ముఖం పెట్టుకు తిరిగేవాణ్ణి ఏంచేసి గెలవాలి?

మధ్యాహ్నం పాపారాజుగారు కబురు పెట్టి, రేపు తలుపు దగ్గర పేర్లు పిలిచే పని అప్పాజీకి అప్పగించారు. ఏటా అతనిదే ఆ పని. అప్పాజీ గొంతెత్తితే అవతల ఫిజిక్సు బ్లాకులో ఉన్నవాళ్ళు కూడా లేచి వస్తారు. పద్ధతి కూడా పాతదే. ఒక్కో పేరు మూడుసార్లు. మూడో పిలుపుకి రాకపోతే ఆబ్సెంట్. లిస్టులో ఖాళీ పడ్డ సీటు గీత కిందవాళ్ళకి వరసగా వెళ్తుంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే వాన మొదలైంది. వరండా అంతా తడి చెప్పుల జాడలు. పిల్లలూ తల్లిదండ్రులూ గొడుగులూ కలిసి తొమ్మిదిన్నరకే నిలబడ్డానికి చోటు లేదు. దుర్గ, కీర్తిప్రియ తలుపుకి ఎదురుగా ఉన్న బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. దుర్గ కొత్త లంగాఓణీ వేసుకుంది. కీర్తిప్రియది ఇస్త్రీ చేసిన పాతదే.

అప్పాజీ తెల్లచొక్కా వేసుకుని, లిస్టు కాపీ మడిచి చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల ప్రిన్సిపాల్‌గారు, కొత్త కోర్సు చూసే మంజుష మేడం, పాపారాజుగారు. పదింటికి మొదలైంది.

అయిదో పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. కాయితం మీద ఆ పేరు చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టాడు. పన్నెండో పేరు. అదీ రాలేదు. రెండో సున్నా. మిగతావాళ్ళు ఎక్కడా తప్పలేదు. పద్దెనిమిదో నంబరు పిల్లాడు జ్వరంతో దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఇరవై మూడో నంబరు రాలేదనుకుని అప్పాజీ మూడో పిలుపు పిలిచేలోపు, తండ్రి స్కూటరు మీద తడిసి ముద్దై దిగింది. అప్పాజీ సున్నా సగం చుట్టి ఆపేశాడు.

ఒంటిగంట కావస్తోంది. ఇరవై ఏడో అమ్మాయి లోపలికి వెళ్ళింది. పాపారాజుగారు తల బయటపెట్టి, "జిరాక్సులు రెండేసి సెట్లు ఉండాలని చెప్పవయ్యా, ఒక్కటే తెస్తున్నారు," అని తలుపు వేసుకున్నారు. అప్పాజీ అదే మాట వరండా అంతా వినపడేలా చెప్పాడు.

కీర్తిప్రియ ఫైలు తెరిచి చూసుకుంది. ఒకటే సెట్టు. కంగారుగా కాయితాలు తీసి, ఫైలు దుర్గ ఒళ్ళో పెట్టి, ఓణీ తలమీదికి లాక్కుని గేటు వైపు పరుగెత్తింది.

"నాన్నా," అంది దుర్గ బెంచీ మీదినుంచే. "కీర్తి జిరాక్సుకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది."

అప్పాజీ తల ఊపాడు. గేటు బయట జిరాక్సు కొట్టు ముందు గొడుగులే గొడుగులు. అయిదు నిమిషాల్లో రాదు. పది పడుతుంది.

ఇరవై ఏడో అమ్మాయి బయటికి వచ్చింది.

అతను కాయితం మీదికి చూశాడు. సున్నాలు రెండు. గీత కింద పేర్లు మూడు. రాత్రంతా ఏ ఆలోచనా చెయ్యలేదు. చేశానని ఎవరన్నా అంటే ఒప్పుకోడు కూడా. ఒక అడుగు వెనక్కి వేసి, వీపు తలుపుకి ఆనించి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"కె. కీర్తిప్రియ."

వరండాలో ఎవరూ తల తిప్పలేదు.

"కీర్తిప్రియ." గొంతు సవరించుకున్నట్టు మూడోసారి కూడా అన్నాడు. వాన చప్పుడులో ఆ మాట అతని చొక్కా దాటి పోలేదు.

తలుపు తీసి లోపలికి తల పెట్టాడు. "రాలేదండి."

"మూడుసార్లు పిలిచావా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"పిలిచానండి."

మంజుష మేడం ఆబ్సెంట్ అని రాసుకుంది. పాపారాజుగారు ఏదో అడగబోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడంలో పడ్డారు.

బయటికి వచ్చి, ఇరవై తొమ్మిదో పేరు పిలిచేటప్పుడు గొంతు ఎప్పట్లాగే మోగింది. మోగగానే తప్పు చేశాననిపించింది. ఆ తేడా ఎవరన్నా పట్టుకుంటారని బెంచీ వైపు చూశాడు. దుర్గ అతన్నే చూస్తోంది. ఒళ్ళో కీర్తిప్రియ ఫైలు, దానిమీద తన ఫైలు ఉన్నాయి.

ముప్ఫయ్యో పేరు లోపల ఉండగా కీర్తిప్రియ వచ్చింది. జుట్టు తడిసింది గానీ కాయితాలు ఓణీ కింద పొడిగా ఉన్నాయి.

"నన్ను పిలిచారాండి మావయ్యగారు?"

"పిలిచాం. అయిపోయింది." అతను ఆ పిల్ల ముఖంలోకి చూడకుండా లిస్టు మడత విప్పి మళ్ళీ మడిచాడు. "మూడుసార్లు పిలిచాను. పేరు దగ్గరపడుతుంటే ఎక్కడికెళ్ళిపోయావు నువ్వు?"

"రెండు సెట్లన్నారు గదండీ." ఆ పిల్ల కాయితాలు ఓణీ కిందనుంచి తీసి చూపించింది. "లోపలికెళ్ళి అడగమంటారాండి ఒకసారి?"

"అలా వెళ్ళకూడదు. లిస్టంతా అయ్యాక చూద్దాం."

ఆ పిల్ల తల ఊపి వచ్చి బెంచీ చివర నిలబడింది. కూర్చోలేదు. జరగమంటే గేటు దాకా జరుగుతుందని తండ్రి అన్నది నిజమే. దుర్గ తన ఓణీ కొంగు తీసుకుని ఆ పిల్ల తల తుడిచింది.

ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు వెళ్ళి వచ్చారు. ముప్ఫై రెండో పిల్లాడి తల్లి బయటికి రాగానే ప్రిన్సిపాల్‌గారి గది గుమ్మానికి దణ్ణం పెట్టుకుంది. వరండా ఖాళీ అవుతోంది. వాన కూడా తగ్గింది. ఇంక మిగిలింది ఒక్క పేరు.

అప్పాజీ చొక్కా కిందికి లాక్కుని, ఫలితాలు వచ్చిన రోజునుంచీ ఈ పేరు కోసం దాచుకున్న గొంతు తీశాడు.

"ఎం. శ్రీదుర్గ."

ఫిజిక్సు బ్లాకు గోడకి తగిలి వెనక్కి వచ్చింది. పావురాలు లేచాయి. దుర్గ నాలుగు అడుగుల అవతల కూర్చునే ఉంది.

ఫైళ్ళు సద్దుకుంటోందనుకున్నాడు. సద్దుకోవడం లేదు. చేతులు రెండూ ఫైళ్ళ మీద పెట్టుకుని, తండ్రి ముఖంలోకి చూస్తోంది.

"శ్రీదుర్గ." ఈసారి కొంచెం తగ్గింది. "లే."

లేవలేదు. అతను దగ్గరికి వెళ్ళి వంగాడు. "లోపల కూర్చున్నారు. లేవే. ఏంటిది?"

"నాకు వినపడలేదు నాన్నా," అంది దుర్గ, అతనికొక్కడికే వినపడేటంత మెల్లగా.

అప్పాజీ నడుం ఎత్తలేకపోయాడు. అక్కడినుంచి చూస్తే కూతురి చేతి వేళ్ళు కనపడుతున్నాయి. అచ్చం తన వేళ్ళే, పొట్టిగా, కణుపులు లావుగా. అవి కింది ఫైలు అంచుని పట్టుకున్న బిగువుకి గోళ్ళు తెల్లబడ్డాయి. కింది ఫైలు ఎవరిదో అతనికి తెలుసు.

"దుర్గా, వెళ్ళవే," అంది కీర్తిప్రియ వెనకనుంచి, ఏమీ అర్థంకాక. "నిన్నే పిలుస్తున్నారు."

దుర్గ తల తిప్పలేదు. అప్పాజీ నిటారుగా నిలబడి తలుపు దగ్గరికి నడిచాడు. మూడోసారి పిలవలేదు.

"ముప్ఫై మూడు?" అన్నారు పాపారాజుగారు లోపల. "మీ అమ్మాయే గదయ్యా. ఏదీ?"

"రాలేదండి."

"పొద్దున్నించీ ఎదురుగా కూర్చుంది గదయ్యా, నేను చూశాను."

"ఇప్పుడు రాలేదండి."

పాపారాజుగారు అతన్ని ఎగాదిగా చూసి, పెన్ను మూత పెట్టారు. మంజుష మేడం కాయితాల్లో లెక్క చూసుకుని, "ఒక సీటు మిగిలింది సార్. వెయిటింగ్ అయిపోయింది," అంది. ప్రిన్సిపాల్‌గారు గడియారం చూసుకున్నారు. "ఆబ్సెంట్ వేసిన ముగ్గురిలో ఎవరన్నా ఆలస్యంగా వచ్చారేమో కనుక్కో అప్పాజీ. లేకపోతే పేపరు ప్రకటన ఇచ్చుకుందాం."

ఎవరూ రాలేదండి అని ఒక్క మాట చాలు. సీటు ప్రకటనలోకి వెళ్తుంది. ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళకి వస్తుంది. దుర్గకి రాకపోతే పోయింది, దొరబాబు కూతురికీ రాదు. రేపట్నించి ఇద్దరూ ఒకే గీత కింద. ఆ లెక్క అతనికి తియ్యగానే ఉంది. నాలిక మీదిదాకా వచ్చింది కూడా.

"ఇరవై ఎనిమిది వచ్చిందండి," అన్నాడు.

"వస్తే పిలువు మరి."

అతను తలుపు రెండు రెక్కలూ తీసి గుమ్మం మధ్యలో నిలబడ్డాడు. కీర్తిప్రియ చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో ఉంది. చేత్తో రమ్మంటే సరిపోను. అప్పాజీ ఊపిరి పీల్చుకుని, గేటు దగ్గర జిరాక్సు కొట్టువాడు తల తిప్పి చూసేలా, బ్యాంకు నుంచి సైకిలు మీద అప్పుడే లోపలికి మళ్ళుతున్న దొరబాబు కాలు నేలకి ఆనించి ఆగిపోయేలా పిలిచాడు.

"కె. కీర్తిప్రియ."

"ఇక్కడే ఉన్నానండి మావయ్యగారు," అంది ఆ పిల్ల బెదిరిపోయి.

బెంచీ మీదినుంచి దుర్గ లేచింది. తన పేరుకి లేవని మనిషి ఆ పేరుకి ఒక్క పిలుపుకే లేచి, కింది ఫైలు పైకి తీసి, కీర్తిప్రియ చేతిలో పెట్టి, ఆ పిల్ల మెడ మీది తడి జడ వెనక్కి వేసింది. తన కోసం అలా ఎవరూ, ఎప్పుడూ లేవలేదని అప్పాజీకి తట్టింది. దొరబాబు మీద ఇన్నేళ్ళుగా ఉన్న మంట ఒక్కసారిగా ఆ సన్నటి పిల్ల మీదికి మళ్ళింది.

అతను పక్కకి తప్పుకుని, ఆమె లోపలికి వెళ్ళేదాకా తలుపు పట్టుకున్నాడు.